పాలకులు, సైనికులు, ఓటర్ల కొరకు ప్రార్థన కూడిక నడిపేదెలా

ఆదివారం ఆరాధనలో కానుకలు పట్టే ముందు మన సంఘాల్లో తప్పకుండా వినబడే మాట ఒకటుంది: "ప్రభువా, మా దేశాన్ని, మా నాయకులను, అధికారులను దీవించు." ఆ మాట పూర్తయ్యీ కాకముందే కీర్తన నంబరు ప్రకటిస్తారు. ఏ నాయకుడి కొరకు ప్రార్థించాం, ఈ వారం ఆయన ముందున్న పని ఏమిటి, ఆ పనికి దేవుని దగ్గర నుండి ఆయనకు ఏం కావాలి అని అడిగితే, ఆమేన్ అన్న మనలో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఇంట్లో జ్వరంతో పడుకున్న బిడ్డ కొరకు మనం ఇలా ప్రార్థించం. పేరు చెబుతాం, ఎన్ని రోజుల నుండి జ్వరమో చెబుతాం, డాక్టరు ఏమన్నారో కూడా చెబుతాం. దేశం కొరకు చేసే ప్రార్థనకు కూడా అంత వివరం కావాలి. పది పన్నెండు మంది కూర్చునే బుధవారం కూడికలో, ముప్పావు గంటలో దీనిని ఎలా చేయవచ్చో, గోదావరి డెల్టాలోని మా పల్లె సంఘంలో కొన్నేళ్లుగా చేస్తూ నేర్చుకున్నదానిని బట్టి రాస్తున్నాను.

ముందుగా వాక్యం చదవండి, తొందరపడకుండా చదవండి. తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండవ అధ్యాయంలో పౌలు రాజుల కొరకు, అధికారులందరి కొరకు విజ్ఞాపనలు, ప్రార్థనలు, యాచనలు, కృతజ్ఞతాస్తుతులు చేయాలని, అది కూడా అన్నిటికంటే ముఖ్యంగా చేయాలని హెచ్చరించాడు. సంఘ సంప్రదాయం ప్రకారం ఆ పత్రిక రాసే నాటికి రోమాలో సింహాసనం మీద ఉన్నవాడు నీరో; క్రీ.శ. 64లో రోమా తగలబడిన తర్వాత ఆ నిందను క్రైస్తవుల మీద వేసి వారిని హింసించిన చక్రవర్తి అతడే. అంతకు ఆరు వందల ఏళ్లకు పైగా ముందు, బబులోనుకు చెరపట్టబడిన తన జనులకు యిర్మీయా ఉత్తరం రాస్తూ, మీరు చెరగా వెళ్లిన ఆ పట్టణ క్షేమం కోరి దాని కొరకు ప్రార్థన చేయండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అన్నాడు (29వ అధ్యాయం). మనకు నచ్చినవారు గద్దె మీద ఉంటేనే ప్రార్థించాలన్న షరతు ఈ రెండు చోట్లా లేదు. వీటి పక్కనే 146వ కీర్తన కూడా చదవాలి. రాజులను నమ్ముకొనవద్దని అది సూటిగా చెబుతుంది. పాలకుల కొరకు ప్రార్థించడం వేరు, పాలకుల మీద ఆశ పెట్టుకోవడం వేరు. రెండోది మొదటిదాని వేషం వేసుకుని మన కూడికల్లోకి చాలా సులభంగా వచ్చేస్తుంది కాబట్టి ఈ మాట మొదటి వారమే చెప్పుకోవడం మంచిది.

పేర్ల పుస్తకం

రూళ్ల నోటు పుస్తకం ఒకటి కొనండి. మొదటి పేజీలో పదవులు రాసి, ఎదురుగా పేర్లకు ఖాళీ వదలండి. పైనుండి కాక కిందినుండి మొదలుపెట్టమని నా సలహా: వార్డు సభ్యుడు, సర్పంచ్, వీఆర్వో, తహసీల్దారు, ఎస్ఐ, ఎమ్మెల్యే, ఎంపీ, కలెక్టరు, ఎస్పీ, ముఖ్యమంత్రి, గవర్నరు, ప్రధానమంత్రి, రాష్ట్రపతి. మేము మొదటిసారి ఇలా రాయబోయినప్పుడు ముఖ్యమంత్రి పేరు, ప్రధాని పేరు సండే స్కూలు పిల్లలు కూడా చెప్పారు గానీ, తహసీల్దారు పేరు చెప్పగలిగినవారు ఇద్దరే. ఆంధ్రప్రదేశ్‌లో 175 అసెంబ్లీ స్థానాలు, 25 లోక్‌సభ స్థానాలు ఉన్నాయి. తెలంగాణలో 119, 17. అన్ని పేర్లూ మనం మోయనక్కరలేదు. వాటిలో మనవి ఒక్కొక్కటే, ఆ ఒక్కొక్కటీ మన పుస్తకంలో తప్పకుండా ఉండాలి.

ఇంకో రెండు గడులు కలపండి, వీటినే అందరూ మరచిపోతారు. ఒకటి ప్రతిపక్ష నాయకులకు, రెండోది న్యాయమూర్తులకు. చట్టసభలో ప్రశ్న అడిగేవారు సత్యంతో అడగాలి, తీర్పు చెప్పేవారు ముఖం చూడకుండా తీర్పు చెప్పాలి. ఇవి పాలకుల కొరకు చేసే ప్రార్థనలో భాగమే. బదిలీలు జరిగినప్పుడల్లా పాత పేరు మీద గీత కొట్టి కొత్తది రాసే పనిని యవ్వనస్థులలో ఒకరికి అప్పగించండి. మా దగ్గర ఇంటర్ చదివే అమ్మాయి ఆ పని చేస్తోంది. ఏ అధికారి ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్లారో మా ఊళ్లో పెద్దల కంటే ఆ పిల్లకే బాగా తెలుసు.

బల్ల మీద ఉన్న ఫైలు కొరకు ప్రార్థించండి

పేరు ఉంటే సగం పని అయినట్టే. మిగతా సగం, ఆ వారం ఆ వ్యక్తి ఏం నిర్ణయించాల్సి ఉందో తెలుసుకోవడం. ఇందుకు పత్రిక చదివేవారు కూడికకు ముందు రోజు ఒక్క పావుగంట కేటాయిస్తే చాలు. ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ వస్తుంది, ఆ తర్వాత రాష్ట్ర బడ్జెట్లు వస్తాయి. జూన్‌లో బడులు తెరుస్తారు, కాలువలకు నీళ్లు వదులుతారు. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరద వస్తుంది. "కలెక్టరు గారిని దీవించు" అనే బదులు మా కూడికలో ఒక వరద వారం ఇలా ప్రార్థించాం:

"తండ్రీ, ఈ రాత్రి కలెక్టరు గారి ముందు లంక గ్రామాల ఫైలు ఉంది. ఎవరిని, ఏ గంటకు ఖాళీ చేయించాలో ఆయన నిర్ణయించాలి. ఆలస్యం కాకుండా ఆయనకు వివేకం దయచేయుము. కింది ఉద్యోగులు ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పునట్లు చేయుము. పడవలు నడిపేవారిని, గొడ్లను విడిచి రాలేక గట్టు మీద నిలబడ్డ ముసలివారిని కాపాడుము."

ఇందులో పొగడ్త లేదు, ఫిర్యాదూ లేదు. అడగవలసినది మాత్రమే ఉంది. ఏం అడగాలో తోచనప్పుడు రెండు చోట్లకు వెళ్లండి. గిబియోనులో సొలొమోను ఐశ్వర్యాన్నీ దీర్ఘాయువునూ శత్రువుల ప్రాణాన్నీ అడగకుండా, మంచి చెడ్డలు వివేచించి న్యాయం తీర్చగల హృదయాన్ని అడిగాడు (1 రాజులు 3). నిర్గమకాండం 18లో యిత్రో తన అల్లుడైన మోషేకు అధికారుల ఎంపికలో చూడవలసిన గుణాలు చెప్పాడు: సామర్థ్యం, దైవభక్తి, సత్యం మీద ఆసక్తి, లంచగొండితనం లేకపోవడం. ఆ నాలుగింటిని ఒక్కొక్క అధికారి పేరుతో కలిపి అడిగితే పది నిమిషాలు ఎలా గడిచాయో తెలియదు. సామెతలు 21వ అధ్యాయం మొదటి వచనం రాజు హృదయాన్ని యెహోవా చేతిలోని నీటి కాలువలతో పోలుస్తుంది. లాకు దగ్గర తలుపు కాస్త ఎత్తితే చాలు, ఎండిన చేనుకు నీళ్లు మళ్లుతాయని డెల్టాలో ప్రతి రైతుకూ తెలుసు. మా పెద్దలకు ఆ వచనం విడమరచి చెప్పే అవసరం ఎన్నడూ రాలేదు.

ఇక్కడ జాగ్రత్త పడవలసిన తప్పు ఒకటుంది, దీని గురించి కొంచెం ఎక్కువగానే చెబుతాను. కళ్లు మూసుకుని దేవునితో మాట్లాడుతున్నట్టే ఉంటూ, పక్కన కూర్చున్నవారికి రాజకీయ ప్రసంగం వినిపించడం చాలా మందికి అలవాటు. "ప్రభువా, ఈ ప్రభుత్వం పేదల పొట్ట కొట్టిన సంగతి నీకు తెలుసు" అని మొదలైన ప్రార్థన దేవునికి తెలియని సంగతి ఏదీ చెప్పదు. వినేవారిని ఒక వైపుకు లాగుతుంది. దీనికి మేము పెట్టుకున్న పరీక్ష ఇది. ఎవరి కొరకు ప్రార్థిస్తున్నామో ఆ నాయకుడే వెనక చాప మీద కూర్చుని వింటున్నాడనుకోండి: వీరు నా మేలు కోరుతున్నారని అతనికి అనిపించాలి. అతని ఎదుటి పార్టీకి ఓటు వేసిన సహోదరుడు కూడా అదే ప్రార్థనకు మనస్ఫూర్తిగా ఆమేన్ అనగలగాలి. ఇద్దరిలో ఏ ఒక్కరికి అడ్డం వచ్చినా ఆ వాక్యాన్ని మార్చుకోవాలి.

అలాగని అన్యాయం గురించి దేవుని ఎదుట నోరు మూసుకోమని నేను అనడం లేదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వల్ల, క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చిన దళిత కుటుంబాలకు షెడ్యూల్డు కుల హోదా లేకుండా పోయింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా విస్తరించినా క్రైస్తవులకు మాత్రం రాలేదు. మన పల్లెల్లో ఈ బాధ లేని సంఘం అరుదు. దానిని కీర్తనల్లో దావీదు చెప్పినట్టే, ఉన్న మాట ఉన్నట్టు దేవునికి చెప్పండి, న్యాయం అడగండి, నిర్ణయించవలసిన న్యాయమూర్తుల కొరకు, చట్టసభ సభ్యుల కొరకు పేరుపేరునా అడగండి. శాపనార్థాలు మాత్రం పెట్టకండి.

యూనిఫాం వేసుకున్న మన బిడ్డలు

సైన్యం కొరకు ప్రార్థించే ముందు మన సంఘం నుండి, మన ఊరి నుండి ఎవరెవరు వెళ్లారో పుస్తకంలో రాసుకోండి. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరం అని పిలవబడే ఊరే ఉంది; ప్రపంచ యుద్ధాల కాలం నుండి అక్కడి ఇళ్లు సైన్యానికి మనుషులను పంపుతూనే ఉన్నాయి. ప్రతి మండలం అలా కాకపోయినా, ఒక్క సైనికుడు కూడా లేని మండలం కనబడదు. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం వేరు; సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాలు వేరు, ఇవి హోం శాఖ కింద పనిచేస్తాయి. ఆ తేడా తెలుసుకుని ప్రార్థిస్తే ఆ ఇంటివారికి మనం నిజంగా పట్టించుకుంటున్నామని తెలుస్తుంది.

ఏం అడగాలి? ప్రాణాలు కాపాడమని అడగడం మొదటిది. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మరో 19 మందితో పాటు ప్రాణాలర్పించిన వార్త మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి ఇంటినీ కదిలించింది. అయితే సైనికుని రోజుల్లో ఎక్కువ భాగం తుపాకి మోతల మధ్య గడవదు. చలి, ఒంటరితనం, నిద్ర చాలకపోవడం, మంజూరు కాని సెలవు, ఫోను సిగ్నలు దొరకని వారాలు, దూరంగా ఉన్నందువల్ల భార్యాభర్తల మధ్య పెరిగే మౌనం, ఇంటి దగ్గర పొలం తగాదా: వీటి కొరకు ప్రార్థించేవారు తక్కువ. లూకా సువార్త మూడవ అధ్యాయంలో సైనికులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు వచ్చి మేమేమి చేయాలని అడిగితే, ఎవరినీ బాధపెట్టవద్దని, అబద్ధపు నింద మోపవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు. చేతిలో ఆయుధం ఉన్నవాడు ఆయుధం లేనివాని పట్ల కఠినుడు కాకుండా ఉండాలని అడగడం మన సైనికుల మేలు కోరడంలో భాగమే. అక్కడ చూసినదీ చేసినదీ వారు జీవితాంతం మోస్తారు.

మా కూడికలో ఒక అమ్మ ఉన్నారు, ఆమె చిన్న కొడుకు సరిహద్దులో ఉన్నాడు. టీవీలో కాల్పుల వార్తలు వస్తున్న వారంలో ఆమె కూడికకు వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఫోను కొంగు కింద గుప్పిట్లో పట్టుకుని, అది మోగుతుందేమోనని ప్రతి రెండు నిమిషాలకూ కొంగు తీసి చూసుకుంటున్నారు. ఆమెను ప్రార్థించమని ఎవరమూ అడగలేదు. ఇద్దరు ఆడవాళ్లు వెళ్లి ఆమెకు చెరోపక్క కూర్చున్నారు, ఒకరు 121వ కీర్తనను నెమ్మదిగా మూడుసార్లు చదివారు. నిన్ను కాపాడువాడు కునుకడు అన్న చోట ఆమె పెదవులు కదిలాయి. ఆ రోజు సైనికుల కొరకు మేము చేసిన ప్రార్థన అంతే. ఇలాంటి వారాల్లో నడిపేవారు తాము సిద్ధం చేసుకున్న అంశాలన్నీ పక్కన పెట్టగలగాలి.

ఒక హెచ్చరిక ఉంది, దీనిని తేలికగా తీసుకోకండి. సైనికుని యూనిట్ పేరు, ఉన్న చోటు, బయలుదేరే తేదీ ప్రార్థన మనవిగా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. "మా అబ్బాయి వాళ్లు రేపు ఫలానా చోటికి కదులుతున్నారు, ప్రార్థించండి" అనే మెసేజీ ప్రేమతోనే పుడుతుంది, కానీ అది ఎన్ని గ్రూపులు దాటి ఎవరి చేతికి చేరుతుందో పంపినవారికి తెలియదు. పేరు చెబితే చాలు, మిగతాది దేవునికి తెలుసు. ఎదుటి దేశపు సైనికుల తల్లుల కొరకు కూడా ఒక వాక్యం ప్రార్థించండి. శత్రువుల కొరకు ప్రార్థించమన్న ప్రభువు ఆజ్ఞకు యుద్ధం వచ్చినప్పుడు మినహాయింపు ఇవ్వలేదు. మొదటిసారి ఇది గొంతులో అడ్డం పడుతుంది. అయినా చేయండి.

ఎన్నికల నెల

ఓటర్ల కొరకు ప్రార్థన పోలింగుకు ముందు రోజు మొదలైతే ఆలస్యమైనట్టే. ఓటరు జాబితా సవరణ జరిగే రోజుల్లోనే మొదలుపెట్టండి. 18 ఏళ్లు నిండిన పిల్లలు కొత్త ఓటరుగా నమోదయ్యే ఫారం 6 నింపారో లేదో, వలస వెళ్లిన కుటుంబాల పేర్లు, చనిపోయినవారి పేర్లు జాబితాలో ఎలా ఉన్నాయో కూడిక అయ్యాక అక్కడే చూసుకోవచ్చు. సైన్యంలో ఉన్నవారికి సర్వీసు ఓటరుగా పోస్టల్ బ్యాలెట్ సౌకర్యం ఉందని వారి ఇంటివారికి గుర్తుచేయండి.

నామినేషన్ల ఉపసంహరణ ముగిశాక అభ్యర్థుల తుది జాబితా వస్తుంది. దానిని ప్రార్థనలో మొదటి పేరు నుండి చివరి పేరు వరకు చదవండి, గెలవరని అందరికీ తెలిసిన స్వతంత్రులతో సహా. ఎవరో ఒకరిని గెలిపించమని సంఘంగా అడగకండి. ఒక అభ్యర్థి ఆదివారం మందిరానికి వచ్చి కాపరి చేత తల మీద చేయి వేయించుకోవాలని కోరితే, ఆయనను మర్యాదగా విశ్వాసుల మధ్య కూర్చోబెట్టి, అభ్యర్థులందరి కొరకు కలిపి ప్రార్థించడమే సరైన పద్ధతి. ఇది మంచితనం మాత్రమే కాదు, చట్టం కూడా. ప్రార్థనా స్థలాలను ఎన్నికల ప్రచారానికి వాడకూడదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. మతసంస్థలను రాజకీయాలకు వాడకుండా 1988లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. మతం పేరు చెప్పి ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను కింద అక్రమం. ఆ నిషేధం అభ్యర్థి మతానికే కాక ఓటరు మతానికి కూడా వర్తిస్తుందని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. "మనవాడు కాబట్టి" అన్న మాట ప్రార్థనలో కూడా రాకూడదు.

ఇక డబ్బు. లంచం చూపున్నవారికి గుడ్డితనం కలుగజేస్తుందని నిర్గమకాండం 23 చెబుతుంది. ఈ వచనాన్ని తీసుకునేవారి మీదికి విసరడం సులభం. ఒక ఎన్నికల ముందు మా స్త్రీల కూడికలో ఒక సహోదరి లేచి, "కవరు తీసుకున్న చేతులతోనే ప్రార్థన చేస్తున్నానండీ" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు, ఎందుకంటే అది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. ఆ మౌనంలో మాకు దానియేలు తొమ్మిదవ అధ్యాయం తోడ్పడింది. దానియేలు తన జనుల పాపాన్ని ఒప్పుకుంటూ "వారు" అనలేదు, "మేము" అన్నాడు. ఓటర్ల కొరకు మీ ప్రార్థనను అక్కడ మొదలుపెట్టండి: మేము అమ్ముకున్నాం, మేము కులం చూశాం, మేము అడగవలసిన ప్రశ్న అడగలేదు. ఆ పైన, ఈసారి కవరు తలుపు దగ్గరకు వచ్చినప్పుడు వద్దని చెప్పే ధైర్యాన్ని, చెప్పినందుకు ఆ వీధిలో ఎవరికీ కీడు జరగకుండా కాపుదలను అడగండి. ఆ రెండోది లేకుండా మొదటిది అడగడం, పేదవారి భయాన్ని తెలియనివారి ప్రార్థన అవుతుంది.

పోలింగ్ రోజున గొలుసు ప్రార్థన పెట్టుకోండి. ఓటింగ్ సాధారణంగా ఉదయం 7 గంటలకు మొదలవుతుంది గానీ, దానికి గంటన్నర ముందే బూత్‌లో మాక్ పోల్, అంటే యంత్రాలను సరిచూసే నమూనా ఓటింగ్ జరుగుతుంది. ముందు రోజే యంత్రాలు మోసుకువచ్చి బడి గదుల్లో పడుకున్న టీచర్లు, కాపలా పోలీసులు అప్పటికే లేచి ఉంటారు. కాబట్టి మీ గొలుసు 5:30కి మొదలై సాయంత్రం వరకు, అరగంటకు ఒకరి చొప్పున సాగాలి. ఎవరి ఇంట్లో వారు ఉండి చేయవచ్చు. బూత్ ముందు గుమిగూడి చేయకండి. ఎవరు ఎవరికి వేశారని అడగకండి, మీరు చెప్పకండి. నడవలేని ముసలివారిని బూత్‌కు తీసుకువెళ్లి తీసుకురావడం ఆ రోజు యవ్వనస్థుల ప్రార్థన అనుకోవచ్చు.

పోలింగ్ అయిపోయిందని పుస్తకం మూసేయకండి. 2024 మే 13 పోలింగ్ సమయంలోనూ ఆ తర్వాతా పల్నాడులో జరిగిన గొడవలు మనం మరచిపోకూడనివి. పోలింగుకూ లెక్కింపుకూ మధ్య రోజుల్లో ఊళ్లో ఏ రెండు వీధులకు పడదో మీకు తెలుసు, ఆ వీధుల పేర్లు చెప్పి సమాధానం అడగండి. ఫలితాలు వచ్చిన వారం ఓడిపోయినవారి పేర్లు ముందు చదవండి, ఆ తర్వాతే గెలిచినవారివి.

పౌలు చెప్పిన నాలుగు మాటల్లో చివరిది కృతజ్ఞతాస్తుతి, కూడికలో చివరి పది నిమిషాలు దానికి ఉంచండి. పుస్తకం చివరి పేజీల్లో తేదీ వేసి, జరిగిన మేలు ఒక్క వరుసలో రాసుకోండి: తూము బాగుచేశారు, ఆస్పత్రికి నర్సు వచ్చారు, సంక్రాంతికి సెలవు దొరికింది, అబ్బాయి ఇంటికి వచ్చాడు. ఆ వరుసలను పిల్లలతో బిగ్గరగా చదివించి, అందరూ కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పండి. వచ్చే వారం పత్రిక చదివి రావలసింది ఎవరో అడిగి పేరు రాసుకుని, ఎనిమిదిన్నరకు అందరినీ ఇళ్లకు పంపండి.